పండక్కి అల్లుడికి పెట్టిన బట్టలు

సంక్రాంతికి అల్లుడికి బట్టలు పెట్టాలి. ఇందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. మా నాన్న మా బావకి పెట్టాడు, మా మావగారు నాకు పెట్టారు. ఆయన పెట్టిన జరీ పంచె ఇప్పటికీ బీరువాలో కలరా ఉండల వాసనేస్తూ ఉంది. కాబట్టి డిసెంబర్లో మా ఆవిడ సియాటిల్‌కి ఫోన్ చేసి, "బాబూ, ఈసారి పట్టుపంచె తీసుకోమంటారా, సూటుగుడ్డ తీసుకోమంటారా?" అని అడుగుతుంటే పక్కన కూర్చుని తల ఊపాను. అల్లుడుగారు కాస్త నసిగి, "సూటే అత్తయ్యగారూ. కాకపోతే గుడ్డది కాదు" అన్నారు.

గుడ్డది కాని సూటంటే ఏమిటో నాకు అర్థమయ్యేసరికి లక్షన్నర ఖర్చయింది.

దాని పేరు డ్రై సూట్. చన్నీళ్ల సముద్రంలో మునిగేవాళ్లు వేసుకుంటారట. సియాటిల్ పక్కన ప్యూజెట్ సౌండ్ అని సముద్రపు పాయ ఒకటుంది. చలికాలంలో అక్కడి నీళ్లు 8 డిగ్రీలు. ఎండాకాలంలో కూడా లోతుకి పోతే 13 దాటడం గగనం. తెలివున్నవాళ్లు అలాంటి నీళ్లని ఒడ్డున నిలబడి చూసి, కాఫీ తాగి ఇంటికొస్తారు. మా అమ్మాయీ అల్లుడూ మాత్రం ఫీజు కట్టి, పరీక్ష రాసి, అందులో దిగడానికి కార్డు సంపాదించారు. అడుగున పెద్ద ఆక్టోపస్ ఉంటుందట, దాన్ని చూడాలట. చూశారా అంటే, ఒక కాలు కనబడిందన్నారు.

నా అర్హతలు కూడా ఇక్కడ మనవి చేసుకోవాలి. విశాఖ ఉక్కు కర్మాగారంలో నేను గోదావరి దగ్గర పనిచేసి రిటైరయ్యాను. గోదావరి అంటే నది కాదు, 1990లో వెలిగించిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. తర్వాతివి కృష్ణ, అన్నపూర్ణ. నిప్పుల కొలిమికి నది పేరు పెట్టుకున్న ఊరు మాది. ట్యాప్ హోల్ తెరిస్తే 1500 డిగ్రీలకు అటూ ఇటూగా కరిగిన ఇనుము కాలవలో పారేది. దాని దగ్గరికి పోవాలంటే అల్యూమినియం పూత కోటు తొడుక్కోవాలి. ఆ కోటు కంపెనీ ఇచ్చింది. తొడుక్కున్నందుకు నెలనెలా జీతమిచ్చింది. మా అల్లుడుగారి పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. కోటు మనం కొనాలి, అది తొడుక్కుని మునిగినందుకు మళ్లీ పడవవాడికి మనమే ఇవ్వాలి.

"అది కూడా ప్రొటెక్టివ్ సూటే కదా మావయ్యగారూ" అంటారాయన. ఏం మాట్లాడను? అల్లుడు దశమగ్రహం. తొమ్మిది గ్రహాలకైతే శాంతులున్నాయి.

సూటుని అక్కడే కొని, పండక్కి వస్తూ పెట్టెలో తెచ్చారు. పెద్దల చేతుల మీదుగా పుచ్చుకోవాలని వాళ్ల ముచ్చట. మంచిదే. పళ్లెంలో పెడదామంటే ఏ పళ్లెంలోనూ పట్టలేదు, చివరికి చాప మీద పరిచాం. కొత్త బట్టకి అంచున పసుపు పెట్టాలి కదా, మా ఆవిడ పసుపు గిన్నె పట్టుకుని దాని మెడ దగ్గరికి వంగింది. అల్లుడుగారు "అయ్యో, అది లేటెక్స్!" అని ఒక్క గెంతు గెంతారు. మెడ చుట్టూ మణికట్ల చుట్టూ పల్చటి రబ్బరు పట్టీలుంటాయట, నీళ్లు లోపలికి రాకుండా ఆపేవి అవేనట, వాటికి జిడ్డు తగిలితే పాడైపోతాయట. పౌడర్ రాయొచ్చట, పసుపు రాయకూడదట. జిప్పు పక్కన చిన్న బొట్టు పెట్టుకోనిచ్చారు.

భోగి నాడు తలంటు అయ్యాక కొత్త బట్టలు కట్టుకోమని మా ఆవిడ మొహమాటానికి అన్నది. ఆయన మొహమాటం లేకుండా తొడుక్కున్నారు. ముందు లోపల దూది బొంతలాంటిదొకటి, దాని మీద సూటు. మెడ పట్టీలో తల దూర్చేటప్పుడు మొహం గుత్తి వంకాయ రంగుకి తిరిగింది. అమ్మాయి ముందు నుంచి, నేను వెనక నుంచి లాగాం. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర సన్నాయి వినబడింది. గంగిరెద్దులవాడు. అల్లుడుగారు ఆ అవతారంలోనే ఉత్సాహంగా వీధిలోకి నడిచారు. "అల్లుడుబాబుకి దండం పెట్టు బసవన్నా" అన్నాడు వాడు. ఆ ఎద్దు కూర్మన్నపాలెంలో ఎన్ని గుమ్మాల ముందు తల ఊపిందో, ఎంతమంది అల్లుళ్లని చూసిందో. రెండడుగులు వెనక్కి వేసింది. వాడు నా దగ్గర మామూలుకి రెట్టింపు పుచ్చుకున్నాడు, బసవన్న బెదిరినందుకు.

ఇంతకీ ఆ సూటు విశాఖ సముద్రంలో పనికిరాదు. ఇక్కడి నీళ్లు జనవరిలో కూడా 25 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి, అది వేసుకుని దిగితే మనిషి లోపల ఇడ్లీలా ఉడుకుతాడు. అంటే అది సముద్రాలు దాటి వచ్చింది పసుపు బొట్టు కోసం, తిరిగి వెళ్లింది మా అరిసెల డబ్బా చోటులో. విమానంలో పెట్టెకి 23 కిలోలే కదా. ఆవకాయ జాడీ కూడా మా ఇంట్లోనే ఆగిపోయింది.

కనుమ పొద్దున్న అమ్మాయీ అల్లుడూ మునగడానికి రుషికొండ బీచికి బయల్దేరారు. పండగపూట ఏమిటిదని నేనంటే, "కనుమ నాడు కాకైనా మునుగుతుంది కదా నాన్నా" అన్నది మా అమ్మాయి. చిన్నప్పుడు వద్దంటే తలంటు పోసి ఆ సామెత దానికి నేర్పిన పాపం నాదే. వెంట నేనూ వెళ్లాను. అక్కడ అద్దెకి ఇంకో రకం సూట్లిచ్చారు. ఇది వెట్ సూట్. పేరులోనే ఉంది, తడవకుండా ఆపదు. నురగలాంటి రబ్బరు, దాని నిండా సన్నటి గాలి బుడగలు. ఒంటికీ రబ్బరుకీ మధ్య కాసిని నీళ్లు చేరతాయి, ఒంటి వేడికి అవి వెచ్చబడతాయి, ఆ వెచ్చటి నీళ్లు కదలకుండా బిగుతుగా పట్టి ఉంచడమే దాని ఉద్యోగం. ఒదులైతే దండగ. గాలి కంటే నీళ్లు ఇరవై రెట్లకు పైనే వేగంగా ఒంట్లో వేడి లాగేస్తాయట, అందుకని వేసవి సముద్రంలో కూడా గంటసేపుంటే వణుకొస్తుందట. ఇక్కడికి 3 మిల్లీమీటర్ల మందం చాలు, అక్కడికి 7. ఆ 7 కూడా లోతుకి పోయేకొద్దీ అణిగి పల్చబడుతుంది, ఎందుకంటే 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అంటే ఎక్కడ చలి ఎక్కువో అక్కడ దుప్పటి పల్చన. దీన్ని కనిపెట్టింది హ్యూ బ్రాడ్నర్ అని, 1950ల మొదట్లో, అంతకుముందు అణుబాంబు పథకంలో పనిచేసిన భౌతిక శాస్త్రజ్ఞుడు. బాంబుకి నష్టపరిహారం అనుకోవాలి.

గాలి బుడగలున్నది తేలుతుంది. తేలితే మునగలేరు. అందుకని నడుముకి సీసం దిమ్మలు. సీసంతో అడుక్కంటా పోతారేమోనని, గాలి నింపుకునే జాకెట్. మునగడానికొకటి, తేలడానికొకటి, దేనికి దానికే అద్దె. ద్వైపాయన మడుగులో దాక్కున్న దుర్యోధనుడికి ఇవేవీ లేవు. అయినా ధర్మరాజు ఎత్తిపొడిచేదాకా పైకి రాలేదు.

ఒడ్డున తెప్ప మీద వల సర్దుకుంటున్న జాలరి పెద్దాయన ఒకడు మా వాళ్లని ఎగాదిగా చూశాడు. భుజాన తువ్వాలు, మొలకి గోచీ తప్ప ఒంటి మీద ఏమీ లేదు. "ఏటి బాబూ, ఇంత ఎండలో ఆ గొంగళేటి?" అని నన్నడిగాడు. చలికి అన్నాను. ఆయన సముద్రం వంక చూశాడు, నా వంక చూశాడు, పండగ కదా తాగాననుకున్నట్టున్నాడు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. మా వాకింగు బృందంలో రిటైరైన లెక్చరర్ ఒకాయన ఉన్నాడు. మన సముద్రమూ ఏటా కొన్నాళ్లు చల్లబడుతుందంటాడు. మార్చి, ఏప్రిల్‌లో గాలి తీరం వెంబడి వీచి పైనున్న వెచ్చటి నీళ్లని లోపలికి నెడితే, ఆ ఖాళీలోకి అడుగు నుంచి చన్నీళ్లు పైకొస్తాయి. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు లాఫాండ్ ఈ సంగతి మన తీరంలోనే కొలిచి రాశాడట. ఈ విషయం మా అల్లుడుగారికి చెప్పవద్దని లెక్చరర్‌ని బతిమాలుకున్నాను.

నలభై నిమిషాలకు పైకొచ్చారు. ఏం చూశారయ్యా అంటే పచ్చటి మసక, కొన్ని రాళ్లు, వాటిని పట్టుకున్న ఆల్చిప్పలు. ఇంతోటి భాగ్యానికి బీచ్ రోడ్డులో కురుసురా ఉంది కదా! 31 ఏళ్లు నేవీలో మునిగి తేలి, 2002 నుంచి ఇసక మీద పొడిగా కూర్చున్న జలాంతర్గామి. టిక్కెట్టు కొంటే 91 మీటర్లూ నడిచి చూడొచ్చు, చొక్కా నలగదు. రిటైరైనవాళ్లు ఎలా ఉండాలో దాన్ని చూసి నేర్చుకోవాలని నా ఉద్దేశం.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. చలే కదా వీళ్లకి కావలసింది, చూపిస్తానని ఆ మధ్యాహ్నమే లంబసింగికి కారు మాట్లాడి, గదికి అడ్వాన్సు కూడా ఇచ్చాను. జనవరిలో అక్కడ చలి దాదాపు సున్నాకి దిగుతుంది, దానికి ఏ కార్డూ అక్కర్లేదు, కంబళి చాలు. అల్లుడుగారు గతుక్కుమన్నారు. మునిగిన రోజు కొండలెక్కకూడదట! లోతులో రక్తంలో కలిసిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, ఈలోగా ఎత్తుకి పోతే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. విమానమైతే 12 నుంచి 18 గంటలు ఆగాలి, లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తు కాబట్టి అదీ ఆ ఖాతాలోకే వస్తుంది. "పోనీలెండి, కనుమ నాడు కాకి కూడా కదలదంటారుగా" అని మా ఆవిడ అటు చేరింది. పొద్దున్న మునిగిన కాకి మధ్యాహ్నానికి కదలదు. ఒకే కాకి, నా అడ్వాన్సు మాత్రం రాలేదు.

ఆ నాలుగు రోజులూ భోజనాల దగ్గర ఇంకో గొడవ. అల్లుడుగారు బొటనవేలు పైకెత్తితే మా ఆవిడ భేష్ అన్నారనుకుని ఇంకో గారె వడ్డించేది. ఆయన మళ్లీ వేలెత్తేవారు, ఈవిడ మళ్లీ వడ్డించేది. నీళ్లలో ఆ సైగకి అర్థం 'ఇక చాలు, పైకి పోదాం' అనిట. పదకొండో గారె దగ్గర మా అమ్మాయి అనువాదం చేసింది.

అద్దెవి నచ్చి ఆ తర్వాత వాళ్లు కొన్న 3 మిల్లీమీటర్ల సూట్లు రెండు ఇక్కడే వదిలి వెళ్లారు, వచ్చే ఏడాదికి పనికొస్తాయని. వాటిని మంచినీళ్లలో జాడించాలి, ఎండలో వేయకూడదు, మడతపెట్టకూడదు, నీడన వెడల్పాటి హ్యాంగరుకి వేలాడదీయాలి. మా ఇంట్లో నీడ ఉన్నది బాత్రూంలోనే. కుళాయి వచ్చేది గంటసేపు, అందులో నాలుగు బకెట్లు వీటి పాలు. తెల్లవారుజామున లైటు వేయకుండా వెళ్లిన మా పనమ్మాయి, నల్లగా తలల్లేని మనుషులిద్దరు వేలాడుతుండడం చూసి పెట్టిన కేకకి వీధి చివర కుక్కలు లేచాయి. ఇప్పుడు జీతం పెంచమంటోంది.

ఇక వచ్చే జూన్‌లో ఐస్‌లాండ్ అట. అక్కడ సిల్‌ఫ్రా అని నేలలో ఒక చీలిక ఉంది, ఉత్తర అమెరికా ఫలకమూ యురేషియా ఫలకమూ విడిపోతున్న చోటు. హిమానీనదం కరిగిన నీళ్లు లావా రాళ్లలో ఏళ్ల తరబడి వడగట్టుకుని అందులోకి వస్తాయి, వంద మీటర్ల దూరం కూడా అద్దంలా కనబడుతుందట. ఏడాది పొడుగునా 2 నుంచి 4 డిగ్రీలు. డైవింగ్‌కి డ్రై సూట్ అనుభవం ఉన్నట్టు కాగితం చూపించాలి. డైవింగ్ రానివాళ్లు కూడా డ్రై సూట్ వేసుకుని పైపైన తేలుతూ చూడొచ్చని మా అమ్మాయి ఫోన్లో రెండుసార్లు చెప్పింది. ఎందుకు చెప్పిందో అప్పుడు పట్టించుకోలేదు.

నిన్న మధ్యాహ్నం కునుకు తీస్తుంటే మెడకి ఏదో చల్లగా తగిలింది. కళ్లు తెరిస్తే మా ఆవిడ, చేతిలో టేపు, ఒళ్లో కాగితం. స్వెట్టరు అల్లుతానంది. విశాఖపట్నంలో, ఏప్రిల్లో. సరే, పెళ్లయిన ఇన్నేళ్లకి ముచ్చటపడిందిలే అని మళ్లీ కళ్లు మూశాను. చాతీ కొలిచింది, మణికట్టు కొలిచింది, తర్వాత మంచం చివరికి జరిగింది.

"స్వెట్టరుకి చీలమండ కొలతెందుకే?" అన్నాను.