డ్రిల్లు మాస్టారి మేజోళ్ళు

మా బాబాయి రిటైరైన డ్రిల్లు మాస్టారు. మేజోళ్ళు లేకుండా ప్రేయరుకి వచ్చిన కుర్రాళ్ళ చేత గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు కొట్టించేవాడు. ఆ పిల్లల ఉసురు ఊరికే పోలేదు. ఎడమ చీలమండ పైన పుండు లేచింది. సంక్రాంతి వెళ్ళింది, ఉగాది వెళ్ళింది, పుండు మాత్రం వెళ్ళలేదు. చివరికి డాక్టరు ఆయనకే మేజోళ్ళు రాశాడు.

అంతకుముందు పసుపు అయింది, ఆకుపసరు అయింది, ఎదురింటాయన తెచ్చిన పేరు చెప్పకూడని పూతమందూ అయింది. పరీక్షలో షుగరు లేదని తేలితే బాబాయి నొచ్చుకున్నాడు. "షుగరైనా లేకుండా పుండు మానకపోవడమేమిట్రా, నామర్దా!"

డాక్టరు చేతికీ చీలమండకీ కూడా బీపీ చూశాడు. "కాలికి బీపీ ఏమిటి? నా మెదడు మోకాల్లో ఉందనా?" అని బాబాయి గుర్రుమన్నాడు. కాలికి రక్తం తెచ్చే ధమనులు మూసుకుపోయి ఉంటే గట్టి కట్టు ప్రమాదం. అందుకే ముందు ఆ పరీక్ష.

అసలు గొడవ సిరలది. నడిచినప్పుడల్లా పిక్క కండరం రక్తాన్ని గుండె వైపు పిండుతుంది. అది కిందికి జారకుండా లోపలి కవాటాలు ఆపుతాయి. ఏళ్ళ తరబడి నిలబడి విజిలూదిన కాళ్ళలో అవి సైకిలు ట్యూబు వాల్వుల్లా సడలాయి. రక్తం చీలమండ దగ్గర నిలవపడి, చర్మం నల్లబడి చితికింది. చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి పెట్టి, మోకాలి వైపు తగ్గించుకుంటూ పోతే రక్తం దారిన పడుతుంది. ఆ పని చేసేవే ఈ మేజోళ్ళు.

చేయాలంటే తొడుక్కోవాలి కదా! పొద్దున్నే వాపు రాకముందే, మంచం మీదే తొడగాలి. పిన్ని లాగుతుంది, బాబాయి గోడ పట్టుకుంటాడు, పక్కింటివాళ్ళు తగాదా అనుకుంటారు. పిన్ని అటు వంటింట్లోకి వెళ్ళగానే ఇటు మేజోళ్ళు బీరువాలోకి వెళ్తాయి. "పుండుకి గాలి తగలొద్దుటే? అసలే బెజవాడ ఎండలు!" చెకప్ రోజున మాత్రం ఆస్పత్రి సందు మలుపులో ఆటో ఆపించి మరీ తొడుక్కునేవాడు.

డాక్టరు మోసపోయాడేమో గానీ, డ్రస్సింగు గదిలో కుర్రాడు మోసపోలేదు. వాడు బాబాయి పాత శిష్యుడు. ఉబ్బిన కాలూ, మడత నలగని మేజోళ్ళూ చూసి చేతులు కట్టుకున్నాడు. "సార్, మీ రూలే. మేజోళ్ళు లేకపోతే మూడు రౌండ్లు. వేసుకుంటే ఆరు." వేసుకుని నడిస్తేనే పిక్క బాగా పనిచేస్తుందట.

"ఎన్నాళ్ళురా?" అన్నాడు బాబాయి నీరసంగా. 2014లో లాన్సెట్‌లో అచ్చయిన బ్రిటన్ అధ్యయనంలో నాలుగు పొరల కట్టుకైనా, రెండు పొరల మేజోళ్ళకైనా పుండు మానడానికి మధ్యస్థంగా మూడు నెలల పైనే పట్టింది. మధ్యలో పద్ధతి మార్చినవాళ్ళు మేజోళ్ళ జట్టులోనే ఎక్కువ. బాబాయికి ఇంగ్లండులోనూ చుట్టాలున్నారన్నమాట.

పుండు మానింది. మర్నాడే బాబాయి మేజోళ్ళకి వీడ్కోలు సభ పెట్టబోతే పిన్ని అడ్డుపడింది. ఆవిడ మాటే ఖాయం: మానింది పుండు, కవాటాలు అలాగే ఉన్నాయి. తొడగడం మానేస్తే పుండు మళ్ళీ రావచ్చు. బిగువు తగ్గిపోతుంది కాబట్టి ఆర్నెల్లకోసారి కొత్త జత కొనుక్కోవాలి. బీరువాకి మాత్రం ఏ పుండూ లేదు, దానికి తొడగకండి.