ఎనభై కోట్లు, కోటి జాగారాలు

ముంబై మొత్తం ఆ రాత్రి నిద్రపోలేదట.

‘పుష్ప 2’ హిందీలో ఒక్కరోజే ఎనభై కోట్ల పైచిలుకు లాగిన నాడు ఈ నగరం కంటి మీద కునుకు లేకుండా గడిపి ఉంటుందని నిర్మాత నాగవంశీ గారు ఒక రౌండ్ టేబుల్ ముచ్చట్లో సెలవిచ్చారు. హిందీ నిర్మాత బోనీ కపూర్‌ని ఎదురుగా పెట్టుకునే అన్నారు. మీరు బాంద్రాకీ జుహూకీ సినిమాలు తీసుకుంటూ అక్కడే ఆగిపోయారని కూడా అన్నారు. ఆ వీడియో ముక్క అప్పట్లో వారం రోజులపాటు నా ఫోనుకి ఎన్ని వైపుల నుంచి వచ్చిందో లెక్కలేదు. పంపినవాళ్ళందరూ కింద రెండు నిప్పు బొమ్మలు పెట్టారు. ఇంతకీ ‘పుష్ప’ ఆయన తీసిన సినిమా కాదు. ఎవరి పెళ్ళికో ఈయన బాజా.

నాకొచ్చిన చిక్కల్లా ఒక్కటే. నేను ముంబై మనిషిని. ఆ ఆదివారం, 2024 డిసెంబర్ 8 రాత్రి, నేను గుర్రుపెట్టి నిద్రపోయాను. మరి నేను ముంబైలో లేనట్టా, నాగవంశీ గారి ముంబైలో నా పిన్‌కోడ్ లేనట్టా?

కోపం తగ్గాక ఆలోచిస్తే ఆయన తెలియకుండానే మనకో మహోపకారం చేశారనిపించింది. ఏ సినిమా పెద్ద హిట్టు అన్న తగువు తొంభై ఏళ్ళుగా తెగడం లేదు. ఒకప్పుడు రోజులు లెక్కపెట్టేవారు. వంద రోజులకి షీల్డు, ఇరవై ఐదు వారాలకి ఊరేగింపు. తర్వాత సెంటర్లు లెక్కపెట్టారు. మావాడివి ఇన్ని సెంటర్లు, మీవాడివి అన్నేనా అని గోడల మీద కొట్టుకున్నారు. తర్వాత షేరన్నారు. షేరు చిన్నగా కనబడుతోందని గ్రాసన్నారు. గ్రాసు ఎవరికీ తేలదు కనక అందరికీ నచ్చింది. 1963లో ‘లవకుశ’ కోటి రూపాయలు వసూలు చేసిందని తాతలు చెబితే, 2024 డిసెంబర్‌లో ఆరు రోజులకే వెయ్యి కోట్ల పోస్టర్ పడింది. కాబట్టి ‘లవకుశ’ కన్నా ‘పుష్ప’ వెయ్యి రెట్లు గొప్పదా? రూపాయి మారింది, టికెట్టు మారింది, హాలు మారింది. రూపాయితో కొలిస్తే ప్రతి పదేళ్ళకీ పాత దేవుళ్ళంతా ఫ్లాపులైపోతారు.

నిద్రకి ఆ గొడవ లేదు. దానికి ద్రవ్యోల్బణం లేదు, జీఎస్టీ లేదు, ఓవర్సీస్ లేదు. 1932లో రాత్రి ఎంత పొడుగో 2024లోనూ అంతే. ఒక మనిషి ఒక రాత్రి నిద్ర మానుకుంటే దాన్ని ఒక ‘జాగారం’ అందాం. శివరాత్రికి హాళ్ళలో తెల్లవార్లూ ఆటలు వేసి, జనాన్ని పుణ్యంతోనూ నిర్మాతని పైసలతోనూ నింపిన జాతి మనది. ఈ కొలమానం మనకి తట్టకపోవడమే వింత.

ముందు ‘పుష్ప’ లెక్క. 2011 జనాభా లెక్కల్లో ముంబై కోటింపావుకి కాస్త తక్కువ, ఒక కోటీ ఇరవై నాలుగు లక్షలు. నాగవంశీ గారి మాట ప్రకారం పసిపిల్లలతో సహా ఎవరూ పడుకోలేదు. అంటే కోటీ ఇరవై నాలుగు లక్షల జాగారాలు. ఎనభై కోట్లని వాటితో భాగిస్తే జాగారానికి పట్టుమని అరవై ఐదు రూపాయలు పడలేదు. ఇంత చవగ్గా నిద్ర పాడుచేసుకునే ఊరు ప్రపంచంలో ఉంటుందా? అయినా రికార్డు రికార్డే. రాసుకున్నాం.

ఇక పాత లెక్కలు. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ని హెచ్.ఎం. రెడ్డి తీసింది ఈ ఊళ్ళోనే. పరిశోధకుడు రెంటాల జయదేవ తవ్వి తీసిన ప్రకారం అది మొట్టమొదట ఆడింది కూడా ఇక్కడే, 1932 ఫిబ్రవరి 6న, కృష్ణా సినిమా హాల్లో. బెజవాడ కాదు, రాజమండ్రి కాదు, మద్రాసు కాదు. తెరమీద హిరణ్యకశిపుడు తెలుగులో గద్దిస్తే కిందనుంచి అర్థమై బెదిరినవాళ్ళు ఎవరై ఉంటారు? మలబార్ హిల్ సేట్‌లు కారనుకుంటా. అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక పేటకి పేటే తెలుగు మాట్లాడేది. నిజాం రాజ్యం నుంచి పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మొదలుపెట్టి తట్టా పారా పట్టుకొచ్చిన కామాఠీలు కూలిపని చేసి, ఈ ఊరికి రాళ్ళెత్తి, తమ పేరు మీదే ఒక పేటని, కామాఠిపురని, వదిలారు. మన ‘పాన్ ఇండియా’ అప్పుడే అయిపోయింది మహాప్రభో. పోస్టర్ వెయ్యడం మరిచిపోయారంతే.

దానికి ముందేడాది 1931 మార్చి 14న మెజెస్టిక్‌లో ‘ఆలం ఆరా’ పడినప్పుడు నాలుగణాల టికెట్టు నాలుగైదు రూపాయలకి పోయిందని ఆనాటివాళ్ళు చెప్పారు. అప్పట్లో దాన్ని బ్లాకు అనేవారు, పోలీసులు తరిమేవారు. ఇప్పుడు జీవో అంటారు, సచివాలయంలో స్టాంపు వేసి ఇస్తారు.

‘లవకుశ’కి ఊళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చాయి. ఆట అయ్యాక ఎద్దులు నడిచినంతసేపూ జాగారమే. ‘మొఘల్-ఎ-ఆజమ్’కి 1960లో మరాఠా మందిర్ ముందు టికెట్ల కోసం రోజుల తరబడి వరస కట్టారు. వాళ్ళని చేర్చాలా వద్దా అని నాకు ధర్మసందేహం. ఇళ్ళ నుంచి క్యారేజీలు తెప్పించుకుని పేవ్‌మెంటు మీదే కునుకు తీశారు. కాబట్టి సగం మార్కులు.

అదే మరాఠా మందిర్‌లో 1995 అక్టోబర్ 20 నుంచి ‘దిల్‌వాలే దుల్హనియా’ ఆడుతూనే ఉంది. దేశమంతా దాన్ని ప్రేమకథ అనుకుంటుంది. ఎదురుగా ముంబై సెంట్రల్ బస్‌స్టాండ్. రాత్రంతా బస్సులో కుదేలైనవాడికి పగటిపూట చల్లటి హాలు, మెత్తటి కుర్చీ, చవక టికెట్టు. వెనక వరసల్లో రాజ్, సిమ్రన్ ఎవరో తెలియకుండా గురక. మన సూచీలో దానికి మైనస్ మార్కులు పడక తప్పదు. ఇన్నేళ్ళుగా ఎవరి నిద్రా చెడగొట్టని సినిమా, పైగా లక్షలమందికి పెట్టిన సినిమా. ఫ్లాపుల్లో ఫ్లాపు. పీలా హౌస్ దగ్గర ఆల్‌ఫ్రెడ్ లాంటి పాత టాకీసులదీ ఇదే పాపం. చేత్తో రంగులద్దిన పోస్టర్ చూసి లోపలికెళ్ళిన కూలీ ఇంటర్వెల్‌కి గానీ కళ్ళు తెరిచేవాడు కాదు.

కాగితం లెక్క అయింది కదా, కామాఠిపురకి బయల్దేరాను. సర్వే అంటే తలుపు తట్టాలి మరి.

పదకొండో గల్లీలో ఒక చాల్. మెట్లు ఎక్కడ విరుగుతాయో పక్కవాడు చెబుతూ ఉంటేనే ఎక్కగలం. గ్యాలరీలో ఒక అవ్వ కాళ్ళు చాపుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తడిగుడ్డలో తునికాకు. రేకుముక్క ఆకు మీద పెట్టి కత్తెరతో చుట్టూ కోస్తుంది, చిటికెడు జర్దా పరుస్తుంది, రెండు చేతుల వేళ్ళతో దొర్లిస్తుంది, దారం చుట్టి తల మడుస్తుంది. ఈ నాలుగు పనులకీ ఆవిడ కళ్ళు కిందికి దించలేదు. నన్నే చూస్తోంది.

“అవ్వా, డిసెంబర్ 8, ఆదివారం రాత్రి. నిద్ర పట్టిందా?”

“నిద్రెక్కడిది బిడ్డా. నల్లా ఎన్నిటికొస్తదో ఎవలకెరుక?”

“నల్లా వల్ల కాదవ్వా. పుష్ప వల్ల?”

“ఏ పుష్ప? పైఅంతస్తు పుష్పనా? దానికి షుగరు. అది ఎన్నడు నిద్రవోతది?”

రాసుకున్నాను: పుష్ప వల్ల ఒకరికి, అది కూడా పుష్పకే.

పక్క ఖోలీ కుర్రాడు నయం. సినిమా పేరు విన్నాడు, పాటకి భుజం ఎగరేసి చూపించాడు, సినిమా మాత్రం ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూశాడట. “హాల్ల చూసుడు పైసలెక్కడియన్నా?” అన్నాడు. నిద్ర సంగతి అడిగితే నవ్వాడు. “మా ఖోలీల ఆర్గురం. నాన్న, నేను నైట్ డ్యూటీ. మేమొచ్చేటాల్లకు తమ్మడు లేస్తడు, ఆ బొంత మీద మేం పంటం. మా దగ్గర నిద్రకు గూడ మార్నింగ్ షో, మ్యాట్నీ, ఫస్ట్ షో, సెకండ్ షో ఉన్నయన్నా. నాలుగు ఆటలు హౌస్‌ఫుల్.” పది అడుగులకి పది అడుగులు. ఏ మల్టీప్లెక్సుకీ ఇంత ఆక్యుపెన్సీ ఉండదు. ట్రేడ్ పండితులెవరూ ట్వీట్ చెయ్యలేదు.

అక్కణ్ణుంచి వర్లీ బీడీడీ చాళ్ళ వైపు, పద్మశాలీల ఇళ్ళకి వెళ్ళాక నా పట్టిక మొత్తం తలకిందులైంది. నేను ఆల్‌టైమ్ రికార్డు కోసం ‘షోలే’ని పట్టుకుని కూర్చున్నాను. మినర్వాలో ఐదేళ్ళు ఆడింది, ఇంకేం కావాలి? ఒక పెద్దాయన చెయ్యి ఊపేశాడు. “మా హిట్టు రాస్కో. 1982 జనవరి 18 రిలీజు.”

బట్టల మిల్లుల సమ్మె. కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపు, రెండున్నర లక్షలమంది కార్మికులు. మగ్గం మీద తెలుగువాళ్ళు ఎందరో. తాళాలు పడ్డ రాత్రి నుంచి ఎవరింట్లో ఎవరు పడుకున్నారు? పుస్తెలు తాకట్టుకెళ్ళాయి, పిల్లలు బడి మానారు, కొందరు మళ్ళీ కరీంనగర్ బస్సెక్కారు. ఆ సమ్మెని ఎవరూ విరమించినట్టు అధికారికంగా ప్రకటించనే లేదు. అంటే ఇంకా ఆడుతూనే ఉంది. నలభై ఏళ్ళు దాటింది. ‘దిల్‌వాలే’ దాని ముందు పసికూన. మిల్లులు మాల్స్ అయ్యాయి. ఆ మాల్స్‌లోని మల్టీప్లెక్సులే ఆ ఆదివారం ఎనభై కోట్లలో తమ వాటా తాము వసూలు చేశాయి. పెద్దాయన అందులో అడుగుపెట్టలేదు. “నేను పన్జేసిన షెడ్డుకు టికెట్ కొని పోవాల్నా?” అన్నాడు.

సినిమావాళ్ళకీ కామాఠిపుర తెలుసు, తెలియదనకూడదు. వాళ్ళకి తెలిసిన కామాఠిపుర రాత్రిళ్ళు మేలుకుని ఉండే కామాఠిపుర ఒక్కటే. 2022లో వచ్చిన ‘గంగూబాయి’ కోసం ఫిల్మ్‌సిటీలో అట్టల కామాఠిపుర కట్టుకున్నారు. అసలు పేటవాళ్ళు మా పేరు వాడకండయ్యా, మా ఆడపిల్లలకి సంబంధాలు రావు అని గోల పెట్టి కోర్టు దాకా వెళ్ళారు. కోర్టు కాదంది, సినిమా వంద కోట్లు దాటింది. ఆ సినిమా ముంబై సినిమా కాబట్టి, బాంద్రా బుద్ధి అని మనం తిట్టుకోవచ్చు. మరి మన హైదరాబాద్ నిర్మాతలకి ముంబై అంటే బాంద్రా, జుహూ తప్ప మూడో చోటు గుర్తొచ్చిందా? అదే రెండు పేటల నిద్ర చెడితే ‘ముంబై అంతా’ అయిపోయింది. మందలించినవాడూ అదే మ్యాపు పట్టుకుని మందలించాడు.

సరే, పట్టిక దాదాపు పూర్తయింది. ఒక్క ఎంట్రీ మిగిలింది. దాన్ని ఎక్కడ రాయాలో తెలియక చివరికి తోశాను.

2024 డిసెంబర్ 4, రాత్రి. హైదరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, సంధ్య థియేటర్. ప్రీమియర్ ఆట. టికెట్టు మీద ఎనిమిది వందలు అదనంగా తీసుకోవచ్చని సర్కారు కాగితం ఇచ్చిన ఆట. తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు, ఇంకా బడికెళ్ళే పిల్లాడు, నెల దాటినా ఆస్పత్రిలోనే ఉండిపోయాడు. ఈ సూచీలో మేలుకున్నవాడికి ఒక గడి, పడుకున్నవాడికి ఒక గడి పెట్టుకున్నాను. ఆ పిల్లాణ్ణి ఏ గడిలో రాయమంటారు?

ఇక్కడితో నాకు ఈ ఆట చాలు. వెటకారం చేతకావడం లేదు.

కుటుంబానికి రెండు కోట్లు ప్రకటించారు. మంచిదే, కాదనను. హీరో అరెస్టు, బెయిలు, అసెంబ్లీలో చర్చ, ఇక బెనిఫిట్ షోలుండవన్న ప్రకటన, అన్నీ అయ్యాయి. అవన్నీ జరుగుతుండగానే వసూళ్ళ పోస్టర్లు కూడా పడుతూనే ఉన్నాయి. ఆవిడ పోయిన వారానికి వెయ్యి కోట్ల పోస్టర్. నెల తిరక్కుండానే, ఆ పిల్లాడు మంచం మీద ఉండగానే, ఎవరి నిద్ర చెడగొట్టామో చెప్పుకుని మీసం తిప్పడం. బాంద్రాలో నిద్ర చెడిందా లేదా అని ఇంత ఆరాటపడ్డవాళ్ళకి, ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న తండ్రి నిద్ర ఏ కోశానా తట్టలేదా? పైగా దాన్ని తెలుగువాడి విజయం అని నా ఫోనుకి పంపుతారా, నిప్పు బొమ్మలు పెట్టి? చనిపోయింది తెలుగు మనిషి కాదా? బీడీలు చుట్టే అవ్వ కాదా? మిల్లు గేటు ముందు నిలబడ్డ పెద్దాయన కాదా తెలుగువాడు? వీళ్ళ రాత్రులతో పనిలేని గెలుపు మీరే ఉంచుకోండి.

ఇంకో మాట. ప్రీమియర్ టికెట్లు మొదటిరోజు వసూళ్ళలోనే కలుపుతారు. అంటే ఆ వెయ్యి కోట్లలో ఆ కుటుంబం కొన్న టికెట్లున్నాయి. ఆవిడ టికెట్టుంది, ఆ పిల్లాడి టికెట్టుంది. చివరిదాకా చూడని సినిమాకి పూర్తి డబ్బు తీసుకున్నారు, గ్రాసులో వేసుకున్నారు, పోస్టర్ మీద అచ్చేశారు. ముందు ఆ టికెట్లు తీసెయ్యండి. తీసేసి, కొత్త అంకె వెయ్యండి. వెయ్యికి కాస్త తగ్గితే తగ్గనివ్వండి.