‘షుడ్ బి కంపాటిబుల్’ అను సూత్రమునకు బాలబోధినీ టీక

అవతారిక

తండ్రి మాట వినని కొడుకునకు చీవాట్లు. వ్రాసి యిచ్చిన దస్తావేజు తప్పిన కొడుకునకు కోర్టు. లోకరీతి యిది. పీహెచ్‌పీ అను ప్రోగ్రామింగు భాషయు చాలకాల మీ రీతినే నడచినది. 2015లో వెలువడిన 7వ వెర్షను ఇంజను నోట వెడలిన వాక్యమొకటి ఇచ్చట వ్యాఖ్యానింపబడుచున్నది. ఆ భాషలో క్లాసులకును వేరియబుళ్లకును తెలుగు పేర్లు పెట్టినను చెల్లును గనుక, ఉదాహరణము తెనుగుననే కల్పితము.

మూలము

వార్నింగ్: డిక్లరేషన్ ఆఫ్ కొడుకు::వండు() షుడ్ బి కంపాటిబుల్ విత్ తండ్రి::వండు($బియ్యం)

ప్రతిపదార్థము

వార్నింగ్ = హెచ్చరిక (ప్రోగ్రా మాగదని భావము); కొడుకు = తండ్రి క్లాసును ‘ఎక్స్‌టెండ్స్’ అను మాటచే అందుకొన్న క్లాసు యొక్క; :: = జంట కోలన్లు (ఇంజను లోపల వీని పేరు హీబ్రూలో ‘పామయిమ్ నెకుడోతయిమ్’; ఇంజనును వ్రాసిన సురాస్కీ, గుట్మన్స్‌లది ఇజ్రాయెల్ గనుక); వండు() = ఏమియు అడుగని వండు అను మెథడ్; డిక్లరేషన్ ఆఫ్ = ప్రకటన; తండ్రి::వండు($బియ్యం) = బియ్య మడిగి వండు తండ్రి మెథడ్; విత్ = తోడ; కంపాటిబుల్ = పొసగునట్టిది; షుడ్ బి = కావలెను (కాకున్నను నడచును).

తాత్పర్యము

తండ్రి బియ్యము పుచ్చుకొని వండును. కొడుకు ఏమియు పుచ్చుకొననని చాటినాడు. తండ్రి యనుకొని కొడుకు చేతికి బియ్యము పోసినవాని గతి యేమి? పీహెచ్‌పీలో మనము వ్రాసుకొన్న ఫంక్షనునకు అదనముగా పంపిన ఆర్గ్యుమెంట్లు చప్పుడు లేక జారిపోవును. బియ్యము గంగపాలు. వంట మాత్ర మైనదనియే చెప్పబడును. తండ్రి ఉండదగిన చోట కొడుకు నిలిచినను పని చెడరాదని బార్బరా లిస్కోవ్ 1987 నాటి ప్రసంగమున సూచించినది. ఈ సూత్రమునకు ఆధార మదియే.

విశేషములు

తండ్రికి బదులు ‘వంటవాడు’ అను ఇంటర్‌ఫేసు (అవతారికలోని దస్తావేజు ఇదియే) ఉండి, కొడుకు దానిని ‘ఇంప్లిమెంట్స్’ అని ఒప్పుకొనెననుకొందము. తప్పదియే, బియ్యమదియే. కాని ఇప్పుడు ఇంజను ‘షుడ్’ అనదు, ‘మస్ట్’ అనును. హెచ్చరింపదు, ఫేటల్ ఎర్రరని ప్రోగ్రామునే కూల్చును. తండ్రి మెథడ్ అబ్‌స్ట్రాక్ట్ అయినను ఇంతే. అంతకన్న చిత్ర మొకటి కలదు. తండ్రి మామూలు తండ్రియే అయినను, కొడుకు తిరిగి యిచ్చు దాని టైపు తండ్రి చెప్పినదానితో పొసగకున్నచో మరల మరణశిక్షయే. పుచ్చుకొనుటలో తప్పునకు గుడ్లురుముట, ఇచ్చుటలో తప్పునకు ఉరి. 7వ వెర్షను ఇంజను సీ కోడులో ‘షుడ్’, ‘మస్ట్’ అను మాటలలో నేదో యొకటి దాచుకొనిన వేరియబుల్ పేరు ‘ఎర్రర్_వెర్బ్’. క్రియాపదమును క్రియ యనియే పిలిచినవారు, మా వైయాకరణుల బంధువులు!

5వ వెర్షనులో నీ తప్పు ‘స్ట్రిక్ట్’ అను తెగలోనిది. ‘ఈ_ఆల్’ అని, అనగా సర్వదోషములను చూపుమని అడిగినను, ఈ తెగ అందులో చేరినది 2012 నాటి 5.4తోనే. అంతదనుక సర్వమనగా సర్వము కాదు. దీనికి టీక వ్రాయుట మా తరము కాదు.

ఆక్షేపము: రక్తసంబంధమునకు కొంత వెసులుబాటుండుట న్యాయమే కదా?

సమాధానము: అది దయ కాదు, పాత కోడు విరుగునేమో యన్న భయము. బియ్యము తెచ్చినవానికి ఎదుటివాడు తండ్రి కొడుకా, దస్తావేజు కొడుకా యన్న విచారము లేదు. వానికి కావలసినది అన్నము. అడుగువాని వైపు నుండి చూచినచో రెండు తప్పులు నొకటే. ఈ మాటనే ప్రతిపాదనముగా వ్రాసి నికితా పొపోవ్ గెలిపింపగా, 2020 నవంబరు 26న వచ్చిన 8.0లో ‘షుడ్’ లుప్తమైనది. ఇప్పుడు తండ్రియైనను దస్తావేజైనను ‘మస్ట్’.

కన్‌స్ట్రక్టరు మాత్రము వెలి. పుట్టుక మంత్రము పుట్టువాని పేరు తెలిసి చదువునదే గాని, తండ్రి యనుకొని కొడుకుపై చదువునది కాదు గనుక ఈ మినహాయింపు తగును. ఇంటర్‌ఫేసు గాని అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ గాని దానిని నిర్దేశించినచో తగదు. ఇక తండ్రి ప్రైవేటుగా దాచుకొని ‘ఫైనల్’ అని ముద్ర వేసిన మెథడ్ కొడుకు కంటికే పడదు. అయినను ఆ పేరు కొడుకు పెట్టుకొన్నచో 8.0కు పూర్వము ఫేటల్ ఎర్రరే. చూపని దానిని ముట్టితివని కొట్టుట! ఆ వెర్రియు ఆ వెర్షనుతోనే, కన్‌స్ట్రక్టరు విషయమున తప్ప, పోయినది.

7లో హెచ్చరికలు కనబడకుండ కట్టిపెట్టుకొన్న పాఠకులు, 8కి మారుటకు ముందు ఆ కట్టు విప్పి ఒకమారు లాగ్ చదువుకొనవలెను. ఇచ్చట ‘వలెను’ అనగా ‘మస్ట్’ అని గ్రహింపుడు.