ఎక్స్‌పీ అని చెబితేనే లేస్తాను

నేను పేజ్‌మేకర్ 7.0ని. పుట్టింది 2001లో. మా వంశం 1985లో మెకింటాష్ మీద మొదలైంది. ఆల్డస్ కంపెనీ ఇంట పుట్టి, 1994లో అడోబీ చేతికి వచ్చాం. నా తరవాత మా వంశంలో మరో పేజ్‌మేకర్ రాలేదు. నా బతుకంతా తెనాలిలో ఒక చిన్న డీటీపీ షాపులో గడిచింది.

శుభలేఖలు, కరపత్రాలు, దశదినకర్మ కార్డులు. ముహూర్తాల రోజుల్లో అర్ధరాత్రి దాటినా నన్ను మూసేవారు కాదు. నాకు యూనికోడ్ తెలియదు. తెలుగు అక్షరం నా దగ్గరికి ముక్కలుగా వచ్చేది. తలకట్టు ఒకటి, వత్తు ఒకటి, ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తలదాచుకుని. 'శ్రీరస్తు'లో త వత్తు ఒక్క వెంట్రుకవాసి పక్కకు జరిగితే ఓనరుగారు ఒప్పుకునేవారు కాదు. అతుకు కనబడకుండా ఆ ముక్కలన్నీ కూర్చి కాగితం మీద నిలబెట్టింది నేనే.

తరవాత విండోస్ 10 కంప్యూటరు కొన్నారు. ఎక్స్‌పీ ఉన్న పాత పెట్టెను పాత సామాన్లవాడికి తూకానికి వేశారు. అందులో మూడేళ్ల ఫైళ్లున్నాయి. కాపీ తీశారా అని ఒక్కరూ అడగలేదు. ఎన్ని ఇళ్ల పేర్లు, ఎందరి ముహూర్తాలు ఆ తక్కెడలో పోయాయో! తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కొత్త పెట్టెలో నేను లేవలేదు. "ఇది పాడైపోయింది, తీసెయ్" అన్నారు. నేను పాడవలేదు. నా సెట్టింగులు నా ఫోల్డరులోనే రాసుకోవడం నాకు అలవాటు. విండోస్ విస్టా నుంచి ఆ గదికి తాళం పడింది, అంతే. ఓనరుగారబ్బాయి ఓపికపట్టాడు. నా గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ తెరిచి, ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఎంచుకున్నాడు. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపించమని టిక్కు పెట్టాడు. "నువ్వెవరు?" అని విండోస్‌ని అడిగాను. "ఎక్స్‌పీని" అంది. లేచాను. నేను పేజీ కూర్చేది ప్రింటరును బట్టి గనక, డిఫాల్టు ప్రింటరు కూడా చూపించాడు.

మొన్న ఒక పెద్దాయన వచ్చారు.

"బాబూ, 2011లో మా పెద్దమ్మాయి శుభలేఖ మీ నాన్నగారే చేశారు. చిన్నదానికీ అలాగే కావాలి."

"ఉండండి బాబాయ్‌గారూ, చూస్తాను."

అదృష్టం, అది సీడీ మీద ఉంది. ఫైలు తెరిస్తే అంతా ఇంగ్లీషు గజిబిజి. పాత ఫాంటు వేయగానే గణపతి బొమ్మ కింద తెలుగు తేటగా విచ్చుకుంది. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని స్క్రీన్ దగ్గరికి వంగారు. ఆహ్వానించేవారిగా ఆయన నాన్నగారి పేరుంది.

వాట్సాప్‌లో పంపడానికి మాటలు కూడా కావాలన్నారు. నా పేజీలోంచి కాపీ చేస్తే మళ్లీ గజిబిజే వచ్చింది. అబ్బాయి విసుక్కోలేదు. నన్ను ఎడంపక్క తెరిచి ఉంచి, కుడిపక్క యూనికోడ్‌లో అక్షరం అక్షరం చూసి కొట్టుకుంటూ పోయాడు. తన నాన్నగారి పేరు దగ్గర పెద్దాయన మెల్లగా చెయ్యి ఎత్తారు. అబ్బాయి ఒక్క క్షణం ఆగి, ఆ పేరు ముందు 'కీ.శే.' చేర్చి, కిందికి దించాడు.

నా పేజీలో మాత్రం ఆయనే ఇంకా పిలుస్తున్నారు.