పొంగు చల్లారాక

“పోలీసోలు రారేట్రా?”

డల్లాస్‌లో కొడుకు ఇంటికి వచ్చిన కొత్తలో, గరాజులో బీరు బకెట్టు చూసి ఆవిడ అడిగిన మాట అది.

రారు. అమెరికాలో 1978లో చట్టం మార్చారు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో సొంత వాడకానికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే ఇంచుమించు 750 లీటర్ల బీరు చేసుకోవచ్చు. అమ్మకూడదు, అంతే. టెక్కలి దగ్గర పల్లెలో పుట్టిన ఆ కుర్రవాడు సెలవు రోజుల్లో ఈ పని పట్టుకున్నాడు. మాల్టు, హాప్స్ కలిపి గంటసేపు మరిగిస్తాడు. చల్లార్చి బకెట్టులో పోసి, ఈస్టు చల్లి, మూత బిగిస్తాడు. మూత మీద ఎయిర్‌లాక్ ఉంటుంది. లోపలి గాలి బుడగలుగా బయటికి పోవాలి తప్ప బయటి గాలి లోపలికి రాకూడదు. తాగేది తక్కువ, చేయడం మీదే ప్రేమ. అతని మీద నాకు గురి కుదిరింది అందుకే.

తల్లి ఎదుట ఇది పెట్టుకోవడానికి అతను చాలా జంకాడు. తండ్రి సారాకు పోయిన మనిషి. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా ఆపేశారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. శ్రీకాకుళానికి ఒడిశా ఎంత దూరం గనక! సరిహద్దు అవతల నుంచి సారా వస్తూనే ఉండేది, ఇవతల బెల్లం ఊటలు పులుస్తూనే ఉండేవి. ఆ రోజుల్లోనే తండ్రి పోయాడు. పలాసలో జీడిపిక్కలు కొట్టి ఆవిడ ఈ పిల్లవాణ్ణి చదివించింది. అటువంటి మనిషి బకెట్టు చూసి పల్లెత్తు మాట అనకపోవడం అతనికి పెద్ద ఊరట.

మూడో వారంలో మూత తీస్తే పైనంతా బూజు. పచ్చగా, నూగుతో, అంచుల్లో నల్లబడి.

పై పొర గరిటెతో తీసేస్తే అడుగుది బాగానే ఉంటుందేమోనని అతని ఆశ. తల్లి వంగి ఒక్కసారి వాసన చూసింది. “తెల్లగా పొర కడితే తీసుకోవచ్చురా. నూగొచ్చిందంటే పారబొయ్యడవే.”

అది తరవాణి కుండ నేర్పిన తెలివని అతను అనుకున్నాడు. మన ఇళ్లలో గంజి పులియబెట్టి, దబ్బాకు వేసి, ఎండాకాలమంతా కుండను కనిపెట్టుకుని ఉన్న ఆడవాళ్లకు ఏ పొర మంచిదో ఏది చెడ్డదో తెలియకుండా ఉంటుందా? ఆవిడ తీర్పులో తప్పేమీ లేదు కూడా. ముడతలు పడ్డ తెల్ల పొర సాధారణంగా గాలిలోని ఈస్టు పని. రుచి పులిసినా, మనిషికి హాని తక్కువ. నూగు బూజు అలా కాదు. కంటికి కనిపించేది పైభాగమే, పోగులు కిందికి దిగుతాయి. కొన్ని బూజులు వదిలే విషం గరిటెకు రాదు, మరిగించినా పోదు. డబ్బు పోయిందని ఏడ్చి అయినా సరే, పారబోయాల్సిందే.

పారబోశాడు. గీతలు పడ్డ ప్లాస్టిక్కులో బూజు దాక్కుంటుందని బకెట్టు మార్చాడు. మూత రబ్బరు మార్చాడు, గొట్టాలు మార్చాడు, గరాజంతా కడిగాడు. రెండోసారి పెట్టిన బీరుకూ అలాగే బూజు పట్టింది. అతని మనసు విరిగిపోయింది. సామానంతా ఎవరికో ఇచ్చేశాడు.

వీసా గడువు దగ్గరపడి ఆవిడ తిరుగు ప్రయాణమైంది. విమానాశ్రయంలో సామాను తూకం అయ్యాక, కొడుకు చెయ్యి పట్టుకుని చెప్పింది.

“ఆ బూజు నానే ఎట్టినానురా. బూజెక్కిన బ్రెడ్డు ముక్క నలిపి పైన సల్లినాను. రెండుసార్లూ.”

అతనికి కోపం రాలేదు. తండ్రి గుర్తొచ్చాడు. ఒక్క సంగతే అంతు చిక్కలేదు. ఈస్టు జోరు మీదున్నప్పుడు బొగ్గుపులుసు గాలి పైన దుప్పటిలా కప్పేస్తుంది, బూజుకు ఊపిరాడదు. మొదటి రోజుల్లో చల్లి ఉంటే అంత దట్టంగా పట్టేది కాదు.

“ఎప్పుడు చల్లావమ్మా?”

“పొంగు సల్లారినాక. పొంగు మీదుంటే బూజు నిలవదు కదేటి.”

“తరవాణి అలా పొంగదు కదమ్మా. నీకెలా తెలుసు?”

ఆవిడ చెయ్యి వదల్లేదు.

“పాములున్నాయని నిన్ను పోనిచ్చీదాన్ని కాదే, ఆ పెరటి పాకలో... మీ అయ్య బయట తాగి ఏ గట్టున పడి సస్తాడోనని ఊట నానే ఎట్టీదాన్ని. నానే కాసి, నానే పోసీదాన్ని. ఆయన పోయిందాకా ఒక్క కుండకీ బూజు పట్టనియ్యలేదురా.”