సోఫా కొరికితే సింహాసనం అడిగినట్టా?

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా రాట్‌వైలర్ సోఫా చీల్చిందంటే, ఇంటికి ముందుగా వచ్చేది వడ్రంగి కాదు, ట్రైనర్. స్పాంజి బయటపడ్డ సోఫా వైపు ఒకసారి, కుక్క వైపు ఒకసారి చూసి, నాడి పట్టకుండానే రోగం చెప్పేస్తాడు: "ఇది మిమ్మల్ని లెక్కచేయట్లేదు సార్. ఈ ఇంటికి తనే ఆల్ఫా అనుకుంటోంది."

తన హాల్లో తనకే తెలియకుండా అధికార మార్పిడి జరిగిపోయిందని ఇంటాయనకు అప్పుడే తెలుస్తుంది. చూస్తే అది ఐదు నెలల పిల్ల. పాలపళ్ళు పూర్తిగా ఊడలేదు, ఉచ్చ ఎక్కడ పోయాలో ఇంకా తెలియదు. కుట్ర మాత్రం పన్నగలదట! మొదట టీపాయ్ కాళ్ళు, తర్వాత టీవీ రిమోట్, ఆ పైన రాజ్యం.

చికిత్స కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. కుక్క కంటే ముందు మీరు తినాలి. గుమ్మం మీరే ముందు దాటాలి. అది దారికి అడ్డంగా పడుకుంటే పక్కనుంచి పోకూడదు, దాన్ని లేపి మరీ పోవాలి. మాట వినకపోతే వెల్లకిలా పడేసి లొంగేదాకా అదిమిపట్టాలి. పెద్దయ్యాక యాభై కిలోలు తూగే జంతువును, దాని దవడలు మీ ముక్కుకు జానెడు దూరంలో పెట్టుకుని అదిమిపట్టాలన్నమాట. ఈ సలహాకు ఫీజు కూడా ఉంది. సలహా చెప్పినాయన మాత్రం ఆ ముహూర్తానికి ఇంకో అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు.

ఈ ఆల్ఫా పుట్టుక తెలిస్తే నవ్వొస్తుంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బంధించిన తోడేళ్ళను గమనించి రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ఒక వ్యాసం రాశాడు. పైచేయి కోసం అవి కలబడుతున్నాయన్నాడు. బోనులో వేస్తే కలబడక ఏం చేస్తాయి? బిగ్‌బాస్ హౌస్ చూసి తెలుగువాళ్ళ సంసారాల మీద సిద్ధాంతం రాసినట్టుంది. 1970లో అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ మెక్ తోడేళ్ళ మీద రాసిన పుస్తకంతో ఆ మాట ఊరూరా పాకింది. తర్వాత ఆయనే కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో ఏటా వేసవికి వెళ్ళి అడవి తోడేళ్ళను దగ్గర్నుంచి చూశాడు. చూస్తే ఏముంది, మంద అంటే అమ్మ, నాన్న, పిల్లలు! ఆ సంగతే 1999లో రాశాడు. పాత పుస్తకం ఇక అచ్చువేయొద్దని ప్రచురణకర్తల వెంట ఏళ్ళ తరబడి పడితే, 2022కి గానీ ఆపలేదు. మాటకు ప్రచారం తెచ్చినాయనే చేతులు కడుక్కున్నాడు గానీ మన ట్రైనర్ కడుక్కోలేదు. కుక్కను వెల్లకిలా పడేయడం నేర్పుతూ 1978లో పుస్తకం వేసిన న్యూయార్క్ రాష్ట్రపు న్యూ స్కీట్ సన్యాసులు కూడా తర్వాతి కూర్పులో ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

చెప్పు కొరికే కుక్క మనకేమీ కొత్త కాదు, వేమన పద్యంలోనే ఉంది. అల్పబుద్ధికి అధికారమిస్తే ఏమవుతుందో చెప్పే పద్యం అది. అందులోనూ అధికారం చిక్కింది మనిషికే. కుక్క తన మానాన తను చెప్పు కొరుక్కుంటోంది.

అసలు పన్ను ఎక్కడ పడిందో వంగి చూస్తే సగం సంగతి తెలుస్తుంది. మూడో నెల దాటాక 28 పాలపళ్ళు ఒక్కొక్కటే ఊడి 42 గట్టిపళ్ళు వస్తాయి. ఆరేడు నెలల దాకా చిగుళ్ళు సలుపుతూనే ఉంటాయి. ఆ వయసులో అది గోడ మూల నుంచి మీ కాలి బొటనవేలి దాకా దేన్నీ వదలదు. పెద్దజాతి కుక్కకు ఒళ్ళు ముందు పెరుగుతుంది, బుద్ధి రావడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడే, అదీ గుమ్మం చౌకట్టునూ కిటికీ అంచులనూ మాత్రమే చీల్చిందంటే కథ వేరు. గొళ్ళెం కింద గోళ్ళ గీతలు, గడప మీద చొంగ, ఒక్కోసారి చెక్కకు అంటిన నెత్తురు కూడా కనబడతాయి. మీరు వదిలి వెళ్ళారన్న భయంతో తలుపు బద్దలుకొట్టుకుని మీ వెంట రాబోయిన జంతువది. దానికి కావలసింది పశువైద్యుడు, కొద్దికొద్దిగా ఒంటరితనం అలవాటు చేసే ఓపిక, అవసరమైతే మందులు. ఆల్ఫాగారు మీద పడి అదిమితే ఆ భయం ఇంకా ముదురుతుంది.

ఇక ఏ రోగమూ లేకుండా కొరికేవి ఉన్నాయి. వాటిది ఒట్టి విసుగు. జర్మనీలోని రాట్‌వైల్ ఊళ్ళో కసాయివాళ్ళ దగ్గర పశువుల్ని తోలి, మాంసం బళ్ళు లాగిన వంశం అది. రైళ్ళొచ్చి ఆ పని పోతే, 1910 ప్రాంతంలో జర్మనీ పోలీసులు కొలువిచ్చారు. మనమేమిచ్చాం? రెండు బెడ్‌రూముల ఫ్లాటు, బాల్కనీలో గొలుసు, పొద్దున్నే వాచ్‌మన్ వెంట సెల్లార్‌లో రెండు చుట్లు. ఆ రెండు చుట్లలోనూ వాచ్‌మన్ ఒక చేతిలో బెల్టు, ఇంకో చేతిలో రీల్స్. కార్ల మధ్య వాసన చూద్దామని కుక్క ఆగితే చాలు, బెల్టు గుంజుతాడు. పైకొచ్చాక సాయంత్రం దాకా దానికున్న ఒకే వస్తువు సోఫా. అది చిరిగితే ఇంటాయన దానికి బదులు అసలు సిసలు తోలు సోఫా తెప్పిస్తాడు, కసాయి వీధి కుక్కకు!

సాయంత్రం తీర్పు మొదలవుతుంది. "చేసిన తప్పు దానికి తెలుసండీ, మొహం చూడండి ఎలా పెట్టిందో." 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు ఈ మొహాన్నే పరీక్షకు పెట్టింది. తినొద్దన్నది తిన్న కుక్కా, ముట్టుకోని కుక్కా, యజమాని తిడితే ఒకే మొహం పెట్టాయి. ఏ పాపమూ ఎరగకుండా తిట్లు తిన్నవాటిలో ఆ మొహం మరీ ఎక్కువ కనబడింది. పొద్దున పదింటికి నమిలిన చెప్పుకు రాత్రి ఎనిమిదింటికి దెబ్బ పడితే దానికి అర్థమయ్యేది ఒకటే: ఈయన ఇంటికొస్తే కొడతాడు. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అనేవాళ్ళు పెద్దలు. ఇప్పుడు కాటు చెప్పుకు, దెబ్బ కుక్కకు.

కారప్పొడి వైద్యం ఇంకొకటుంది. సోఫా అంచులకు గుంటూరు కారం రాస్తారు. కుక్క కళ్ళు మండి, తుమ్ముకుంటూ టీపాయ్ దగ్గరికి పోతుంది. రాత్రి సీరియల్ చూస్తూ అదే అంచు మీద చేయి వేసిన అత్తగారు కళ్ళు నులుముకుంటారు.

కుక్క నమలడం మానదు, దాని పళ్ళున్నవే అందుకు. ఏది నమలాలో మీరు చూపించాలి, అంతే. లోపల బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి. తాళింపు వద్దు, ఉల్లిపాయ అసలే వద్దు. ఆదివారం కూరలో ఉడికిన మటన్ బొక్కలు వేయకండి, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. బొటనవేలి గోటితో నొక్కితే కాస్తయినా గుంట పడని వస్తువు పన్ను విరగ్గొడుతుంది. ఎవరూ చూడని వేళ కుక్కను చెప్పులు, ఛార్జర్లు అందని గదిలో ఉంచండి. పూటపూటా నడిపించండి, వాసన చూడనివ్వండి, వంటింట్లో ముక్కలు దాచి వెతికించండి.

చెప్పు అప్పటికే నోట్లో ఉంటే వెంటపడొద్దు, అది దానికి ఆటవుతుంది. చికెన్ ముక్క చూపించండి. చెప్పు వదిలాక ముక్క ఇచ్చి, దాని బొమ్మ దానికివ్వండి. "అలా అయితే అది లంచానికి అలవాటు పడదా?" అని ఒకాయన అడిగాడు. ప్లాటు రిజిస్ట్రేషన్ చేయించుకుని వస్తూ, దారిలో అడిగాడు.