సెకండ్‌హ్యాండ్ బైనాక్యులర్‌తో ఆకాశం చూడకుండా ఉండటం ఎలా?

వానలు వెనకబట్టి ఆకాశం తేటపడిందంటే శనివారం సాయంత్రాలు హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు కార్లు బారులు తీరుతాయి. డిక్కీలో టెంటు, చికెన్ కాల్చే పొయ్యి, బ్లూటూత్ స్పీకరు, వాటి మధ్య ఒక పాత బైనాక్యులర్. మొదటి మూడూ వాడతారు.

చుక్కల మీద మనసు పడ్డప్పుడు మనం చేసే మొదటి పని ఏదో ఒకటి కొనడం. కొన్న రోజుతో సగం మోజు తీరిపోతుంది. నేనూ ఆ జాతివాణ్ణే. కాబట్టి ఈ సూచనలు నమ్మదగినవి.

ఒకటి. జుమ్మెరాత్ బజారో, ఎర్రగడ్డ ఆదివారం సంతో, ఎక్కడికెళ్ళినా పెద్ద అంకె ఉన్నదే కొనండి. 10×50 అని రాసి ఉంటే పది రెట్లు దగ్గరగా చూపిస్తుందనీ, ముందరి అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లనీ అర్థం. చీకట్లో మన కంటిపాప మహా అయితే ఏడు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. అంటే ఆ అద్దం కంటికంటే దాదాపు 50 రెట్ల వెలుతురు పోగుచేస్తుంది. చుక్కలకు కావలసింది ఆ రెండో అంకే. మీరు మాత్రం దాని జోలికి పోకుండా 30, 60, జూమ్ ఉంటే 90 అని బేరమాడండి. అన్ని రెట్లూ మీ చేతి వణుకును కూడా పెద్దది చేసి చూపిస్తాయి. అద్దాలు ఎర్రగా తళతళలాడుతుంటే అసలు వదలొద్దు. ఆ పూత వచ్చిన వెలుతుర్లో కొంత వెనక్కి కొట్టేస్తుంది గానీ, ఫోటోలో బాగుంటుంది.

కొనేముందు పరీక్షించకండి, "మిలిటరీ మాల్ అన్నా ఇది" అన్నవాడు నొచ్చుకుంటాడు. చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమందా, లోపల పట్టకం ఊడినట్టు. లైటుకు ఎదురుగా పెడితే అద్దంలో సన్నటి దారాలు అల్లుకున్నాయా, బూజు పట్టినట్టు. దూరాన సెల్ టవర్ రెండుగా కనిపిస్తే రెండు గొట్టాలూ చెరోవైపు చూస్తున్నట్టు. తేడా కొంచెమే అయితే మెదడు ఎలాగో సర్దుకుని ఒక్కటిగానే చూపిస్తుంది, కూలీ మాత్రం తలనొప్పి రూపంలో వసూలు చేస్తుంది.

రెండు. కుడి కంటి దగ్గర తిరిగే రింగు ఒకటి ఉంటుంది. రెండు కళ్ళ చూపులో తేడాను అక్కడ సరిచేసుకోవాలట. తాకకండి.

మూడు. అనంతగిరికి వెళ్ళండి. మూసీ పుట్టిన కొండలు, హైదరాబాద్‌కు దాదాపు 70 కిలోమీటర్లు. నగరపు వెలుగంతా తూర్పు దిక్కున అంచు మీద తేలుతుంటుంది కాబట్టి పడమరా, నడినెత్తీ చూడ్డానికి బాగుంటాయి. మీరు తూర్పుకే తిరిగి కూర్చోండి. కళ్ళు చీకటికి అలవాటుపడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. పదిహేనో నిమిషంలో ఫోను తీసి వాట్సాప్ చూస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. నెగడు కూడా వేస్తే మరీ మంచిది.

తాండూరు వాళ్ళకు ఇంత శ్రమ అక్కర్లేదు. వికారాబాద్ నుంచి ఇంకో 40 కిలోమీటర్లు పడమరకు పోతే వచ్చే ఊరు. సిమెంటు ఫ్యాక్టరీల దీపాలూ బండల పాలిషింగు దుమ్మూ ఉన్నమాట నిజమే, అయినా గాలి మంచిగా ఉన్న రాత్రి, ఊరి అంచున, వాళ్ళ నాపరాళ్ళే పరిచిన డాబా మీద వెల్లకిలా పడుకుంటే చేతులు వణకవు, మెడ పట్టదు. అంతకంటే మంచి ఏర్పాటు లేదు. అందుకే వాళ్ళు రైలెక్కి హైదరాబాద్ వచ్చి బిర్లా ప్లానెటేరియంలో ఏసీ కింద చుక్కలు చూసి వెళతారు.

నాలుగు. అరుంధతి సంగతి. మనలో చాలామందికి మొదటి నక్షత్ర వీక్షణం పెళ్ళిపీటల దగ్గరే. పట్టపగలు పదకొండున్నర ముహూర్తం. పురోహితుడు షామియానా అంచు దాటించి వేలు చూపిస్తాడు. "కనిపించిందా?" అంటాడు. "కనిపించింది" అంటాం. వీడియో వాడు ఇంకోసారి చూడమంటాడు, ఇంకోసారీ కనిపిస్తుంది. చూడనిదాన్ని చూశామనడం అక్కడ నేర్చుకున్న విద్య, తర్వాత ఎన్నో చోట్ల పనికొచ్చింది. డాబా మీద బాబాయ్ బైనాక్యులర్ చేతికిచ్చి "శని ఉంగరం చూడు" అన్నప్పుడు కూడా "ఆఁ, మస్తుగుంది" అనేశాం. ఉంగరం విడిగా తెలియాలంటే 25 రెట్లన్నా కావాలి. బాబాయ్‌ది పది రెట్లది. ఆయనకూ కనిపించలేదు, ఆయనకు చూపించినవాడికీ కనిపించలేదు.

అసలు అరుంధతి అంత దొరకనిదేం కాదు. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఉత్తరాన సప్తర్షుల తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, ఆనుకుని ఉన్న చిన్నచుక్క ఆమె. మంచి చూపుంటే ఉత్తి కంటికే ఆనుతుంది. ఎంత డొక్కు బైనాక్యులర్‌లోనైనా ఇద్దరూ విడివిడిగా తేలతారు. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయిన దంపతులు ఒక నిమిషం డాబా ఎక్కితే ఆనాటి మాట నిజం చేసుకోవచ్చు. ఎక్కరు. సీరియల్ వస్తుంటుంది.

అయిదు. చలిదేశాల వాళ్ళు రాసిన పుస్తకాలే అనుసరించండి. ధ్రువనక్షత్రంతో మొదలుపెట్టమంటారు. మనకది 17 డిగ్రీల ఎత్తులో, దుమ్ములో ఉంటుంది. లండన్ వాళ్ళకు ఎన్నడూ పొడవని ఒమేగా సెంటారీ మాత్రం మనకు మే నెల మధ్యలో రాత్రి పదింటికి దక్షిణాన నిలుస్తుంది. అరుంధతికి వీపు తిప్పి నిలబడితే దాదాపు ఎదురుగానే, లక్షల నక్షత్రాల ముద్ద. పుస్తకంలో లేదు కదా, వదిలేయండి.

ఆరు. పున్నమి రోజే చంద్రుణ్ణి చూడండి. నీడల్లేక గుంటలన్నీ చదునైపోయి చక్కగా ఏమీ తెలియదు.

సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ తిప్పకండి. ఇక్కడ వెటకారం లేదు. క్షణంలో చూపు పోతుంది.

గెలీలియో 1610 జనవరిలో గురుగ్రహం పక్కన చుక్కలు చూశాడు. ఆయన గొట్టం ఇరవై రెట్లదే అయినా మన పాత 10×50లో ఉన్నంత వెడల్పాటి, తేటైన దృశ్యం అందులో లేదు. మోచేతులు పిట్టగోడకు ఆనిస్తే ఆ చంద్రులు మనకూ కనిపిస్తాయి. ఆయన చేసిన తప్పల్లా మర్నాడు మళ్ళీ చూడటం. చుక్కలు చోటు మారాయి. అందులో అయో అనేది 42 గంటల్లో చుట్టు తిరిగొస్తుంది. మీరు ఒక్కరోజు చూసి, స్టేటస్ పెట్టి, సరిపెట్టుకోండి.

నిజానికి చూడటం విసుగు పుట్టించే పని. ఆండ్రోమెడా గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. క్యాలెండరు బొమ్మలో రంగుల సుడి, మన అద్దంలో సరిగా తుడవని పలక మీది సుద్ద మరక. ఆ మరకకు ఐదు నిమిషాలు ఇస్తే అంచులు మెల్లగా విచ్చుకుంటాయి. ఆ ఐదు నిమిషాలు ఇవ్వలేకే ఇంతకంటే పెద్దది కొందామనిపిస్తుంది.

అప్పుడు పాతది అమ్మకానికి పెట్టండి. "చాలా తక్కువ వాడినది" అని రాయండి. ఆ బజారులో అంత నిజమైన ప్రకటన ఇంకోటి ఉండదు.